గోడ, తీగ

మంచుకొండల మధ్య ఒంటరి ఇల్లు. కప్పు మీద సోలార్ పలకలు, లోపల వెచ్చటి గది, కిటికీ పక్కన సగం చదివిన పుస్తకం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పదేళ్లు దాటినవాళ్లలో ఈ కల లేనివాళ్లు తక్కువ. ఒకరికి స్పితి, ఒకరికి మనాలి, ఒకరికి లదాఖ్. అక్కడ కరెంటు బిల్లు రాదు, నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూడక్కర్లేదు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు అసలే ఉండదు. ‘ఆఫ్-గ్రిడ్’ అంటాం దీన్ని. తెలుగులో చెప్పాలంటే తీగ తెంపుకున్న ఇల్లు.

ఈ కలని వెక్కిరించడం చాలా తేలిక. డబ్బున్నవాళ్ల సరదా అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ అందులో నిజంగా మంచి కోరిక ఒకటి ఉంది: ‘నాకు తక్కువ చాలు’. దానికి అంటుకుని, విడదీయడానికి వీల్లేదనిపించేంత దగ్గరగా, ఇంకో కోరిక కూడా ఉంది: ‘నాకు ఎవరూ అక్కర్లేదు’. ఈ రెండూ ఒకటే అనుకుంటాం. తక్కువతో బతికేవాడికి ఎవరి అవసరమూ ఉండదు, ఎవరి అవసరమూ లేనివాడు తక్కువతోనే బతుకుతాడు అనుకుంటాం. ఇల్లు ఎలా పనిచేస్తుందో కాస్త లెక్కలేసి చూస్తే ఇవి రెండూ వేరు వేరని, కొన్నిసార్లు ఒకదానికొకటి ఎదురని తెలుస్తుంది. మొదటి కోరిక తీర్చేది గోడ. రెండోదాని గొడవంతా తీగతో.

*

ముందు గోడ సంగతి.

లేహ్ సముద్రమట్టానికి దాదాపు 3500 మీటర్ల ఎత్తున ఉంది. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 15కి, మైనస్ 20కి కూడా పడిపోతుంది. వాన మాత్రం చాలా తక్కువ. ఏడాదిలో మూడొందల రోజులు ఎండ కాస్తుంది. చలి ఎంత గట్టిదో ఎండా అంత గట్టిది. అక్కడ ఇల్లు చేయాల్సిన పని ఒకటే: పగటి ఎండని లోపలికి రానివ్వాలి, రాత్రి దాన్ని బయటికి పోనివ్వకూడదు.

రానివ్వడం కష్టం కాదు. లేహ్ 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడోవారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నేల నుంచి 32 డిగ్రీల ఎత్తుకే లేస్తాడు. అందుకని దక్షిణం వైపు పెద్ద అద్దాలు పెడితే ఎండ ఏటవాలుగా గది వెనక గోడ దాకా వస్తుంది. జూన్‌లో అదే సూర్యుడు 79 డిగ్రీల ఎత్తున, దాదాపు నెత్తి మీద ఉంటాడు. అప్పుడు చిన్న చూరు ఉన్నా చాలు, ఎండ లోపలికి రాదు. మోటారు లేదు, సెన్సర్ లేదు, కోడ్ అంతకన్నా లేదు. భూమి వంపుకి తగ్గట్టు ఇంటి ముఖం తిప్పడమే.

కష్టమంతా పోనివ్వకపోవడంలో ఉంది. ఒక లెక్క చూద్దాం. ఒక ఇంటికి 100 చదరపు మీటర్ల బయటి గోడ ఉందనుకోండి. లోపల 18 డిగ్రీలు, బయట మైనస్ 17. తేడా 35. మనం మామూలుగా కట్టుకునే తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒక్కో చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి ఇంచుమించు 2 వాట్ల వేడిని బయటికి వదిలేస్తుంది. మొత్తం 7000 వాట్లు. రెండు కిలోవాట్ల గీజర్లు మూడున్నర, రాత్రీ పగలూ ఆపకుండా వేసి ఉంచినట్టు. రోజుకి 168 యూనిట్లు. అదే గోడకి అడుగు మందాన గడ్డో, రంపం పొట్టో దట్టంగా కూరితే ఆ 2 కాస్తా 0.2 దగ్గరికి దిగుతుంది. అప్పుడు పోయేది 700 వాట్లు.

700 వాట్లంటే ఎంత? మనిషి ఊరికే కూచున్నా ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. అంటే ఏడుగురు ఒక ఇంట్లో కూచుని కబుర్లు చెప్పుకుంటే ఆ గోడల్లోంచి పోయే వేడి మొత్తం వాళ్ల ఒళ్లే ఇచ్చేస్తాయి. కప్పులోంచి పోయేది ఉంది, అద్దాల్లోంచి పోయేది ఉంది, లోపలి గాలి మార్చడానికి పోయేది ఉంది. అవన్నీ కలిపినా ఆ ఇంటికి కావాల్సింది పగటి ఎండ, రాత్రి అద్దాలకి మందపాటి తెర, వంట పొయ్యి వేడి. అంతే.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. లేహ్‌కి దగ్గర్లో, సింధు నది ఒడ్డున ఫే అనే ఊరి పక్కన సెక్మాల్ క్యాంపస్ ఉంది. పరీక్షల్లో తప్పిన లదాఖీ పిల్లల కోసం 1988లో సోనమ్ వాంగ్‌చుక్, ఆయన స్నేహితులు మొదలుపెట్టిన సంస్థ అది. ‘త్రీ ఇడియట్స్’ సినిమా పుణ్యమా అని ఆయన పేరు మనకీ తెలుసు. అక్కడి ఇళ్లు దిమ్మిసతో కొట్టి గట్టిపరిచిన మట్టి గోడలవి. ముఖం దక్షిణానికి. మందమైన మట్టి పగటి వేడిని దాచుకుని రాత్రి నెమ్మదిగా వదులుతుంది. బయట మైనస్‌లలో ఉన్నప్పుడు లోపల హీటర్ లేకుండా పిల్లలు చదువుకుంటారు.

రాయలసీమ పాత మిద్దెలు చూసినవాళ్లకి ఇందులో కొంత తెలిసిన వాసనే వస్తుంది. మందపాటి రాతి గోడలు, దూలాల మీద దంతెలు, ఆ పైన చవుడు మట్టి, వెలుతురుకి గవాచి. అక్కడ మందం చేసే పని మధ్యాహ్నపు ఎండని సాయంత్రం దాకా లోపలికి రానివ్వకపోవడం. లదాఖ్‌లో మందం చేసే పని మధ్యాహ్నపు ఎండని తెల్లారేదాకా దాచడం. సూత్రం ఒకటే, ఉపయోగం తిరగబడింది. ఒక తేడా మాత్రం ఉంది. మందం వేడిని ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు. రాత్రి మిద్దె మీద చల్లగాలికి పడుకోగలిగిన చోట ఆలస్యం చాలు. నెలల తరబడి చలి వదలని చోట మందంతో పాటు ఆపేది కూడా కావాలి. గడ్డి, పొట్టు, ఉన్ని, ఏదైనా సరే, కదలని గాలిని పట్టి ఉంచేది. మనం ఇన్సులేషన్ అంటున్నది దాన్నే. లదాఖ్ పల్లెల్లో చలికాలానికి ముందు మిద్దెల మీద గడ్డి మోపులూ కట్టెలూ పేర్చిపెట్టుకుంటారు. పశువులకి మేత, పొయ్యికి కట్టె, అవి అయిపోయేదాకా ఇంటికి దుప్పటి.

అమెరికాలో కొలరాడో కొండల్లో, 2200 మీటర్ల ఎత్తున, ఎమరీ లోవిన్స్ అనే భౌతికశాస్త్రవేత్త 1980ల మొదట్లో ఒక ఇల్లు కట్టుకున్నాడు. మైనస్ 40 దాకా పడే చోట, అమెరికా ఇళ్లలో మామూలుగా ఉండే ఫర్నేస్ లేకుండా, ఇంటి నడుమ అరటిచెట్లు పెంచి గెలలు కోశాడు. జర్మనీలో డార్మ్‌స్టాట్ ఊళ్లో 1991లో కట్టిన ఇళ్ల వరస నుంచి ‘పాసివ్ హౌస్’ అనే ప్రమాణమే పుట్టింది. చదరపు మీటరుకి ఏడాదికి 15 యూనిట్లకి మించి వేడి అక్కర్లేకుండా ఇల్లు కట్టాలన్నది దాని నియమం. ఈ రెండు చోట్లా ఇంకో పోలిక ఉంది. రెండిటికీ కరెంటు తీగ ఉంది. లోవిన్స్ ఇంటి కప్పు మీది పలకలు ఎక్కువ చేసిన కరెంటు ఆ తీగ మీదుగా బయటికి పోతుంది. చలిని జయించడానికి వాళ్లు ఎవరితోనూ తెగతెంపులు చేసుకోలేదు.

*

గోడ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. మంచి పనుల్లో చాలావాటికి ఎక్కడో ఒకచోట ఇంకొకరు మూల్యం చెల్లిస్తారు. గోడ మందం చేసుకోవడం అలాంటిది కాదు, కనీసం చాలా మేరకు. నేను తక్కువ వేడి పోగొట్టుకున్నానంటే ఎక్కడో అంత కట్టె మిగిలింది, అంత కిరోసిన్ కొండలెక్కలేదు, అంత పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకీ పోలేదు.

ఏ పని చేసినా, అందరూ అదే చేస్తే ఏమవుతుందో ఆలోచించి చెయ్యమన్నాడు కాంట్. మా ఫీల్డు భాషలో చెప్పుకుంటే, ఇది స్కేల్ అవుతుందా అని. గోడ స్కేల్ అవుతుంది. ఊరంతా గోడలు మందం చేసుకుంటే ఊరంతా బాగుపడుతుంది. ఒకరు చేసుకోవడం వల్ల ఇంకొకరికి గడ్డి కరువవదు, పైగా ఆ పని తెలిసిన మేస్త్రీలు ఊళ్లో ఎక్కువవుతారు.

తీగ తెంపుకోవడం స్కేల్ అవుతుందా?

*

ఇంకో లెక్క. గోడ బాగున్న ఇంటికి లైట్లు, చిన్న ఫ్రిజ్, ఒక లాప్‌టాప్, నీళ్ల మోటారు కలిపి రోజుకి 3 యూనిట్లు కావాలనుకుందాం. తీగ లేదు కాబట్టి ఎండ రాని రోజులకి కూడా మనమే చూసుకోవాలి. వరసగా నాలుగు రోజులు మబ్బు పడితే 12 యూనిట్ల బ్యాటరీ ఉండాలి. లిథియం బ్యాటరీలని సున్నాకి దిగువన చార్జ్ చేస్తే పాడవుతాయి. లెడ్ యాసిడ్‌వి చలికి సగం నీరసపడతాయి. అందుకని బ్యాటరీలకి కూడా వెచ్చటి గది కావాలి. పలకలు కూడా డిసెంబరు చివరి పొట్టి రోజుకి సరిపడేలా పెట్టాలి, జూన్‌కి కాదు. అంటే తీగ లేని ఇల్లు ఏడాది మొత్తంలో తనకి రాబోయే అతి చెడ్డ వారం కోసం కట్టుకున్న ఇల్లు. మిగతా యాభై ఒక్క వారాలూ ఆ సామాను సగం పని లేకుండా పడి ఉంటుంది. వేసవిలో పొద్దున పదకొండుకే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత పలకల మీద పడ్డ ఎండంతా వృథా. పక్కింట్లో దీపం లేకపోయినా ఇవ్వడానికి దారి లేదు.

గ్రిడ్ దీనికి సరిగ్గా ఎదురు. నూరు ఇళ్ల కింద ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేటప్పుడు, నూరు ఇళ్లూ ఒక్క క్షణంలో గీజరూ మిక్సీ ఏసీ అన్నీ వేస్తాయని లెక్కగట్టరు. అలా జరగదు. నేను స్నానం చేసే వేళకి ఎదురింటాయన ఆఫీసు నుంచి ఇంకా రాడు. మన అలవాట్లు ఒకటి కాకపోవడమే గ్రిడ్‌కి బలం. నేను ఒక స్విచ్ వేస్తే దేశమంతటా ఉన్న 50 హెర్ట్జ్ లయ కంటికి కనపడనంత కుంగుతుంది. ఎక్కడో ఒక టర్బైన్ ఆ కుంగుని సర్దుతుంది. ముక్కూమొహం తెలియని కోట్ల మంది ఒకే లయకి కట్టుబడి ఉండటం గురించి మన దగ్గర కవిత్వం పెద్దగా రాలేదు గానీ, రావాల్సిన విషయమే.

ఆ లయ తెగితే ఏమవుతుందో కూడా చూశాం. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి దాదాపు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైంది. ఆ దెబ్బ హైదరాబాద్‌కి తగల్లేదు, లేహ్‌కీ తగల్లేదు. రెండూ అప్పటికి ఆ గ్రిడ్‌లో లేవు. దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలోకి వచ్చింది 2013 డిసెంబరు 31న, రాయచూరు–షోలాపూర్ లైను మీద. లేహ్‌కి శ్రీనగర్ వైపు నుంచి తీగ వచ్చింది 2019 ఫిబ్రవరిలో. అంటే ఆరేడేళ్ల ముందు దాకా లేహ్ ఊరు మొత్తం ఆఫ్-గ్రిడ్డే. ఆ మాటలోని అందం వాళ్లకి కనపడినట్టు లేదు. చిన్న జలవిద్యుత్తు, డీజిల్ జనరేటర్ల మీద, చలికాలం నది గడ్డకట్టే రోజుల్లో కోతలతో బతికిన ఊరది. తీగ కోసం వాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. మన కలలో తెంపుకునే తీగ, వాళ్లు అడిగి తెచ్చుకున్నది.

తీగని వదిలేయడం వేరు, తీగ మనల్ని వదిలేయడం వేరు. జాంస్కార్ లోయలోనో చాంగ్‌తాంగ్ బీళ్లలోనో ఒక పలక, ఒక బ్యాటరీ, రెండు బల్బులతో వెలిగే గుడిసెకీ, నగరం విసుగెత్తి అక్కడికి వెళ్లి కట్టుకున్న ఇంటికీ సామాను ఒకటే కావచ్చు. నేను ప్రశ్నిస్తున్నది రెండోదాన్నే.

*

‘ఎవరూ అక్కర్లేదు’ అనే కోరికకి ప్రపంచ సాహిత్యంలో అందరికీ తెలిసిన చిరునామా వాల్డెన్ చెరువు గట్టు. 1845లో హెన్రీ డేవిడ్ థోరో అక్కడ సొంత చేతులతో చిన్న ఇల్లు కట్టుకుని రెండేళ్ల పైన ఉన్నాడు. ఇంటికి అయిన ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లని పుస్తకంలో పద్దు రాశాడు. ఆ స్థలం ఎమర్సన్‌ది. మొదటి చెట్టు నరికిన గొడ్డలి అడిగి తెచ్చుకున్నది. ఇదంతా థోరోయే దాచకుండా చెప్పాడు కాబట్టి అతని మీద నేరంగా మోపడంలో అర్థం లేదు. నన్ను ఆపేది ఇంకో చిన్న వివరం. ఇంటి చెక్కలు ఎక్కడివి? రైలు దారి పనిచేసే జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ గుడిసెని 4 డాలర్ల 25 సెంట్లకి కొని, పలకలు ఊడదీసి, ఎండలో ఆరబెట్టి వాడుకున్నాడు. కాలిన్స్ కుటుంబం తెల్లవారుజామునే మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోయింది. ఎక్కడికి వెళ్లారో పుస్తకంలో లేదు.

ఒకరి స్వయంసమృద్ధి వెనక ఇంకొకరి ఇల్లు ఊడదీసి ఉంటుందని సూత్రం తీయను. కాలిన్స్ అమ్మాడు, థోరో కొన్నాడు, బలవంతం ఏమీ లేదు. కానీ ‘ఎవరి అవసరమూ లేకుండా’ అని లెక్క రాసినప్పుడల్లా పద్దులో పడని పేరొకటి ఉంటుందేమో చూసుకోవాలి. లదాఖ్ వెళ్లే దారిలో ఆ పేర్లు కనిపిస్తాయి. అక్కడి రోడ్లని బోర్డర్ రోడ్స్ వాళ్ల కింద పనిచేసే కూలీలు వేస్తారు. వాళ్లలో చాలామంది జార్ఖండ్ నుంచి ఎండాకాలం కాంట్రాక్టు మీద వస్తారు. తారు కాచేచోట రేకుల షెడ్లలో, టార్పాలిన్ గుడారాల్లో ఉంటారు. ఆఫ్-గ్రిడ్ ఇంటి సోలార్ పలక, బ్యాటరీ, మూడు పొరల అద్దం, నురగ బోర్డులు అన్నీ ఆ రోడ్డు మీదే వస్తాయి. ఇంటికి కరెంటు తీగ లేకపోవచ్చు. రోడ్డు అనే తీగ ఉంది. నిజానికి ఆ కొండల్లో ఇన్సులేషన్ అందరికన్నా ముందు ఎవరికి కావాలి అని అడిగితే జవాబు ఆ రేకుల షెడ్డే. రేకు వేడిని అసలు ఆపదు.

ఒకప్పటి లదాఖ్ పల్లె తనకి తానే చాలినట్టు బతికిందనే మాట తరచూ వింటాం. హెలెనా నార్బర్గ్-హాడ్జ్ 1991లో రాసిన ‘ఏన్షెంట్ ఫ్యూచర్స్’ పుస్తకం ఈ మాటని ప్రపంచమంతా వినిపించింది. పల్లె చాలినంతగా బతికింది నిజమే. ఏ ఇల్లూ ఒంటరిగా బతకలేదు. మంచు కరిగిన నీళ్లు కాలవల్లో పొలాలకి వచ్చేవి. ఏ పూట ఎవరి మడికో చెప్పడానికి చుర్‌పోన్ అని ఊరు నియమించుకున్న మనిషి ఉండేవాడు. మన చెరువుల కింద నీరటికాడు చేసే పనిలాంటిదే. ఒకే ఇలవేల్పుని కొలిచే కొన్ని ఇళ్లు కలిసి ఫస్‌పున్ అనే కట్టు. పుట్టుకకీ పెళ్లికీ చావుకీ ఆ ఇళ్లే వచ్చి నిలబడేవి. అదీ ఒక గ్రిడ్డే. అందులో కరెంటుకి బదులు నీళ్లూ, పనీ, మాటా ప్రవహించేవి. దాన్ని బంగారు కాలంగా చేయక్కర్లేదు. పొగగొట్టం సరిగ్గా లేని చలికాలపు వంటగదుల్లో ఆడవాళ్లు ఏళ్ల తరబడి పీల్చిన పొగ కూడా ఆ కాలానిదే. అయినా ఒకటి ఒప్పుకోవాలి: తీగలు లేని ఆ ఊళ్లో, మనిషి మనిషి మీద ఆధారపడటం మన అపార్ట్‌మెంట్లలో కన్నా ఎక్కువ. మనం కలగనే ఒంటరి ఇల్లు ఆ పల్లెకి వారసురాలు కాదు. ఆ ఇంటికి అసలు చుట్టాలు హైదరాబాద్‌లోనే ఉన్నారు.

*

ఎవరా చుట్టాలు? మన గేటెడ్ కమ్యూనిటీలు.

ఒకసారి లెక్కపెట్టండి. సొంత బోర్లు, అవి ఎండితే ట్యాంకర్లు, సొంత మురుగునీటి ప్లాంటు, కరెంటు పోతే మూడు సెకన్లలో అందుకునే జనరేటర్, సొంత కాపలా, సొంత పార్కు, పిల్లల్ని తీసుకెళ్లడానికి గేటు దాకా వచ్చే స్కూలు బస్సు. మంచుకొండ లేదు గానీ మిగతా ఆఫ్-గ్రిడ్ అంతా అక్కడుంది. పది, పన్నెండేళ్ల కింద ఎండాకాలం కరెంటు కోతలు గుర్తున్నవాళ్లకి ఇంకో సంగతి కూడా గుర్తుండాలి. కోతలు మొదలైన మొదటి ఏడు అందరూ గోల చేశారు. తర్వాత ఇన్వర్టర్ కొనగలిగినవాళ్లు కొనుక్కున్నారు. వాళ్ల ఇళ్లలో ఫ్యాన్లు తిరిగాయి, గోల సగానికి తగ్గింది. కోతలు మాత్రం ఇన్వర్టర్ లేని ఇళ్లకి అలాగే ఉన్నాయి.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక చిన్న పుస్తకంలో దీన్ని తేటగా విడమరిచాడు. ఒక వ్యవస్థ పాడవుతుంటే మనిషికి రెండు దారులు: బయటికి వెళ్లిపోవడం, ఉండి గొంతెత్తడం. వెళ్లిపోయేవాళ్లు ఎక్కువగా ఎవరు? నాణ్యత పడిపోతే అందరికన్నా ముందు గమనించేవాళ్లు, గట్టిగా అడగగలిగినవాళ్లు. వాళ్లు పోయాక ఆ వ్యవస్థని నిలదీసే గొంతే మిగలదు. సర్కారు బడికి జరిగింది అదే, సర్కారు ఆసుపత్రికి జరిగింది అదే, నల్లా నీళ్లకి జరిగింది అదే. మున్సిపల్ నీళ్లు బాగుండాలని అడిగే మనిషి ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్ వచ్చిన రోజున అడగడం మానేస్తాడు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఒక్కొక్కరి నిర్ణయం విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే ఏ తల్లిదండ్రులైనా ప్యూరిఫయర్ కొంటారు, కొనాలి. అవన్నీ కలిపితే వచ్చే ఫలితాన్ని మాత్రం వాళ్లలో ఎవరూ కోరుకోలేదు.

తీగ విషయంలో నా భయం ఇదే. రేపు బ్యాటరీలు బాగా చవకై, ఉన్నవాళ్లందరూ ఒక్కొక్కరుగా గ్రిడ్‌లోంచి తప్పుకుంటే, ఆ స్తంభాల, సబ్‌స్టేషన్ల, లైన్‌మన్ల ఖర్చు మిగిలినవాళ్ల బిల్లుల మీద పడుతుంది. మిగిలేవాళ్లు ఎవరో చెప్పక్కర్లేదు. కప్పు సొంతం కానివాళ్లు, అద్దె గదుల్లో ఉండేవాళ్లు, పలకలు కొనే పెట్టుబడి లేనివాళ్లు.

*

దీనికి గట్టి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని దాటేసి పోవడం సరికాదు. గ్రిడ్ ఏమన్నా పవిత్రమైనదా? హైదరాబాద్‌లో వెలిగే దీపం వెనక సింగరేణి బొగ్గు ఉంది, రామగుండం బూడిద ఉంది, శ్రీశైలం కింద మునిగిన ఊళ్లు ఉన్నాయి. తీగ మనల్ని కలుపుతుంది నిజమే. ఆ చివర మునిగినవాడు ఈ చివర వెలిగినవాడికి కనపడకుండా చేసేదీ ఆ తీగే. లదాఖ్‌లోనే చూడండి. పాంగ్ దగ్గర 13 గిగావాట్ల సోలార్, విండ్ ప్రాజెక్టు కోసం, అక్కడి నుంచి హర్యానాలోని కైథల్ దాకా 713 కిలోమీటర్ల లైనుకి 2023 అక్టోబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. పష్మినా మేకలు మేపుకునే చాంగ్‌పా కాపరులకి తమ మేత బీళ్లు పోతాయని దిగులు. స్వచ్ఛమైన కరెంటు అని మనం కింద సంబరపడుతుంటే, పైన దాని ధర మేకల మంద కట్టొచ్చు. ఇదంతా తెలిసిన మనిషి, ‘ఈ పాపంలో నాకు భాగం వద్దు, నా పలకలు నేను పెట్టుకుంటాను’ అంటే ఏం జవాబు చెప్పాలి?

ఆ మాటలో నిజాయితీ ఉంది. ఆ మనిషిని గేటెడ్ కమ్యూనిటీతో ఒకే గాటన కట్టను. అయితే అతను కోరుకుంటున్నది తన చేతులు శుభ్రంగా ఉండటం. మేత బీళ్లకి కావాల్సింది అది కాదు. వాటికి కావాల్సింది కింద కరెంటు అవసరం తగ్గడం, ఎక్కడ పలకలు పరవాలో నిర్ణయించే చోట కాపరుల మాట చెల్లడం. మొదటిది గోడలతో అవుతుంది, ఒక్క ఇంటి గోడతో కాదు, కోట్ల గోడలతో. రెండోది గొంతుతో అవుతుంది. తీగ తెంపుకున్నవాడికి ఆ గొంతు పూర్తిగా పోతుందని అనను. కానీ బిల్లు కట్టేవాడి ప్రశ్నకీ, బయటినుంచి సలహా ఇచ్చేవాడి ప్రశ్నకీ కరెంటాఫీసులో ఒకటే విలువ ఉండదని మనకి తెలుసు.

ఇంజనీర్లకి ఇంకో చిన్న హెచ్చరిక కూడా గోడే ఇస్తుంది. చలికని సందులన్నీ మూసేసిన ఇంట్లో బొగ్గుల కుంపటి వెలిగించి పడుకున్నవాళ్లు తెల్లారి లేవని వార్తలు ప్రతి చలికాలం కొండల నుంచి వస్తూనే ఉంటాయి. గాలి చొరకుండా కట్టిన ఇంటికి గాలి కోసం కావాలని ఒక దారి పెట్టాలి. చలిదేశాల్లో దీనికి ఒక మంచి యంత్రం వాడతారు. బయటికి పోయే గాలి తన వేడిని లోపలికి వచ్చే గాలికి ఇచ్చి మరీ పోతుంది. ఎంత బాగా కట్టిన ఇల్లయినా లోపలి గాలితోనే బతకలేదని, ఇల్లు కట్టేవాళ్లకి ఇది మొదటి పాఠం.

*

మరి ఆ కలని ఏం చేసుకోవాలి? నా మటుకు నాకు వరస ముఖ్యమనిపిస్తుంది. ముందు గోడ, కప్పు, కిటికీ. కావాల్సింది పదోవంతుకి దిగాక పలకలు. పలకలు పెట్టినా, తీగ ఉన్నచోట తీగ ఉంచుకోవడం, మిగిలింది అటు పంపడం. తీగ లేనిచోట ఒక్క ఇంటికి పెద్ద బ్యాటరీ కొనే ముందు పది ఇళ్లకి కలిపి ఒకటి పెట్టుకోగలమా అని అడగడం. అది కష్టం, నాకు తెలుసు. పది ఇళ్లంటే మళ్లీ మీటింగులు, తగాదాలు, ఎవరు ఎక్కువ వాడారన్న లెక్కలు, మళ్లీ ఒక వాట్సాప్ గ్రూపు. చుర్‌పోన్ కూడా అందరి చేతా మంచివాడనిపించుకుని ఉండడు.

కొండలదాకా పోలేనివాళ్లకి కూడా ఇందులో పని ఉంది. మన ఊళ్లలో చలి లేదు, పడమటి గోడ ఉంది. ఏప్రిల్ సాయంత్రం దాని మీద చెయ్యి పెడితే కాలుతుంది, లోపల ఏసీ ఆ గోడతోనే పోట్లాడుతుంది. గోడకి నీడ, కప్పుకి సున్నం, ఇటుకల మధ్య కాస్త ఖాళీ: ఇవి ఎవరి అనుమతీ అక్కర్లేని సవరణలు కావు. అపార్ట్‌మెంట్ గోడ అందరిదీ కాబట్టి అసోసియేషన్ మీటింగులో లేచి అడగాలి, నలుగుర్ని ఒప్పించాలి, డబ్బులు వసూలు చేయాలి. పై అంతస్తువాళ్లకి కప్పు వేడి, కింది అంతస్తువాళ్లకి ఆ వేడి తెలియదు, అయినా వాళ్లూ వాటా ఇవ్వాలి. ఎందుకివ్వాలి అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకి ఓపిగ్గా జవాబు చెప్పడం, నాలుగు వేల మీటర్ల ఎత్తున ఒంటరిగా ఇల్లు కట్టడం కన్నా కష్టమైన పనే.